పడవలో మాల్టా: సిసిలీ నుంచి తెరచాప వేసుకుని గ్రాండ్ హార్బర్ దాకా

మాల్టాకి ఫ్లైట్‌లో వెళ్ళొచ్చినవాళ్ళు అందరూ ఒకటే చెప్తారు, బస్సులు కిక్కిరిసి ఉంటాయి, కొమినో దీవిలోని బ్లూ లగూన్‌లో కాలు పెట్టడానికి చోటుండదు, ఎండ మాడ్చేస్తుంది అని. నిజమే, కాదనను. కానీ ఆ దీవి వీధి గుమ్మం సముద్రం వైపు ఉంది, కోటలన్నీ అటే మొహం పెట్టుకుని ఉంటాయి, మనం పెరట్లోంచి దూరి ఇల్లు ఇరుగ్గా ఉందంటే ఎలా? అందుకే వీలైతే సెయిల్‌బోట్‌లో వెళ్ళండి, మీకు బోటు నడపడం రాకపోయినా పర్లేదు, ఎలాగో చెప్తా.

ముందు దారి. ఇటలీ వాళ్ళ సిసిలీ దీవి దక్షిణ తీరంలో మరీనా దీ రాగూసా అని ఒక రేవు ఉంది, అక్కణ్ణుంచి మాల్టా రాజధాని వాలెట్టా దాదాపు నిటారుగా దక్షిణం, 50 నాటికల్ మైళ్ళ పైచిలుకు. మామూలు 40 అడుగుల బోటు గంటకి ఐదారు మైళ్ళు పోతుంది కాబట్టి తొమ్మిది పది గంటల ప్రయాణం అనుకోండి. సిసిలీలో చార్టర్ బోట్లు, అంటే అద్దె బోట్లు, చాలావరకు ఉత్తరాన పలెర్మో, పోర్టోరోసా వైపు దొరుకుతాయి, అక్కడ తీసుకుంటే దీవి చుట్టూ తిరిగి రావడానికే వారం సరిపోతుంది, అందుకని కాస్త ధర ఎక్కువైనా దక్షిణ తీరంలోనే వెతకండి. బుక్ చేసే ముందే "మాల్టా వెళ్ళొచ్చా" అని మెయిల్‌లో అడిగి జవాబు మెయిల్‌లోనే తీసుకోండి, ఎందుకంటే కొన్ని కంపెనీల ఇన్సూరెన్స్ ఇటలీ నీళ్ళు దాటితే పనిచెయ్యదు, ఫోన్‌లో "నో ప్రాబ్లమ్" అన్న మనిషి రేపు డిపాజిట్ దగ్గర గుర్తుండడు. డిపాజిట్ అంటే గుర్తొచ్చింది, క్రెడిట్ కార్డ్ మీద పెద్ద మొత్తమే బ్లాక్ చేస్తారు, లిమిట్ చూసుకుని వెళ్ళండి.

లైసెన్స్ సంగతి. బోటు మీకే ఇచ్చెయ్యాలంటే ఐసీసీ (క్రికెట్‌ది కాదు, బోటు నడపగలరని ఇచ్చే అంతర్జాతీయ సర్టిఫికెట్) గానీ, ఆర్‌వైఏ అనే బ్రిటన్ సంస్థ ఇచ్చే డే స్కిప్పర్ లాంటిది గానీ ఉండాలి, దాంతోపాటు వీహెచ్‌ఎఫ్ రేడియో సర్టిఫికెట్ కూడా అడుగుతారు. మేం ఐదుగురం వెళ్ళాం, అందులో తెరచాప ముట్టుకున్నవాడు ఒక్కడే, వాడు కూడా హుస్సేన్ సాగర్‌లో ఒంటరిగా నడిపే చిన్న లేజర్ బోటు మీద నేర్చుకున్నవాడు. గాలి ఎటు వస్తోందో మెడ మీద పసిగట్టడం ఆ చెరువే నేర్పింది వాడికి, అది నిజం, కానీ రాత్రిపూట ఓడల దారిని అడ్డంగా దాటడానికి ఆ విద్య చాలదు. అందుకని స్కిప్పర్‌ని పెట్టుకున్నాం, గోదారి లాంచీ మీద సరంగు ఉంటాడు చూడండి, అలాగన్నమాట. రోజుకి సుమారు 200 యూరోలు, తిండి మనదే, ఒక క్యాబిన్ ఆయనకి వదిలెయ్యాలి. ఈ చివరి ముక్క మర్చిపోయి ఫుల్లుగా మనుషుల్ని ఎక్కించుకున్నవాళ్ళు ఉన్నారు, తర్వాత వాళ్ళలోనే ఒకరు హాల్లో పడుకోవాలి.

వీసా తేలికే, ఇటలీ, మాల్టా రెండూ షెంగెన్, మాల్టా 2007 చివర్లో చేరింది, 2008 నుంచి యూరో. మన పాస్‌పోర్ట్‌కి ఒక షెంగెన్ వీసా చాలు. కాకపోతే అట్నుంచి ట్యునీషియా కూడా చూసొద్దాం అనిపిస్తే మల్టిపుల్ ఎంట్రీ ఉందో లేదో ముందే చూసుకోండి, సముద్రం మధ్యలో గుర్తొస్తే లాభం లేదు. పాస్‌పోర్టులు, బోటు కాగితాలు, క్రూ లిస్టు అన్నీ ఒక వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టి అందరికీ తెలిసిన చోట ఉంచండి.

ఇప్పుడు అసలు విషయం, గాలి. మాల్టా వాళ్ళకి గాలి పేర్లు ఇంట్లో మనుషుల పేర్లంత మామూలు. వాయవ్యం నుంచి వచ్చేది మయ్యిస్త్రాల్, ఎక్కువ రోజులు వీచేది ఇదే. ఆగ్నేయం నుంచి వచ్చేది ష్లోక్, ఆఫ్రికా వేడిని మోసుకొస్తుంది, ఒళ్ళంతా జిడ్డుగా అయిపోతుంది. ఈశాన్యం నుంచి వచ్చేది గ్రిగాల్, దీనికే భయపడాలి, చలికాలంలో ఎక్కువ, పైగా పెద్ద రేవుల నోళ్ళన్నీ ఆ వైపే తెరుచుకుని ఉన్నాయి. క్రీ.శ. 60 ప్రాంతంలో సెయింట్ పాల్ ఎక్కిన ఓడ మాల్టాలో బద్దలైందని బైబిల్లో ఉంది కదా, ఆ తుఫాను ఈ ఈశాన్యపు గాలే అంటారు. మే, జూన్ గానీ సెప్టెంబర్ గానీ పెట్టుకోండి, జూలై ఆగస్టుల్లో గాలికంటే జనం ఎక్కువ.

దక్షిణానికి వెళ్తుంటే మయ్యిస్త్రాల్ మన కుడి భుజం వెనక నుంచి వస్తుంది, బోటుకి అంతకంటే సుఖం లేదు, టీ గ్లాసు టేబుల్ మీద పెట్టుకోవచ్చు. అదే గాలి తిరుగు ప్రయాణంలో ఎడం చెంప మీద కొడుతుంది, బోటు ఒరిగిపోయి ప్రతి అల మీదా ధబ్ ధబ్‌మని పడుతుంది. వెళ్ళేటప్పుడు ఎవరికీ ఇది తట్టదు. అందుకే ప్లాన్‌లో రెండు రోజులు ఖాళీగా ఉంచండి, తిరుగు ఫ్లైట్ శనివారం బోటు ఇచ్చెయ్యగానే ఉండేలా అస్సలు పెట్టకండి. విండీ లాంటి యాప్‌లో ఈసీఎండబ్ల్యూఎఫ్, జీఎఫ్ఎస్ అనే వాతావరణ అంచనాలు రెండూ చూడండి, రెండూ ఒకే మాట చెప్తే నమ్మండి, చెరో మాట చెప్తే రేవులోనే ఉండి వంట చేసుకోండి.

రాగూసాలో రాత్రి తొమ్మిది పదికి బయల్దేరడం మంచిది, తెల్లారాక ఏడెనిమిదికి వాలెట్టా ముందు ఉంటారు. వంట అంటారా, మొదటి రాత్రి స్టవ్ జోలికి వెళ్ళకండి, పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోండి, దానికి ఫ్రిజ్ అక్కర్లేదు. కడుపులో తిప్పే అలవాటుంటే మాత్ర బయల్దేరే గంట ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేసుకున్న మాత్ర ఏం చేస్తుంది, అదీ బయటికే వస్తుంది. నా దగ్గర అల్లం మురబ్బా ఉండేది, పనిచేసిందో లేదో గానీ నోట్లో ఏదో ఉందన్న ధైర్యం. కిందకి దిగి ఫోన్ చూడకండి, పైన కూర్చుని దూరంగా కనిపించే దీపం వైపు చూడండి. లైఫ్‌జాకెట్, దాన్ని బోటుకి తగిలించే తాడు రాత్రంతా ఉండాల్సిందే, ముఖ్యంగా ఒంటేలుకి లేచిన మగవాళ్ళు బోటు అంచున నిలబడకుండా లోపల టాయిలెట్ వాడండి, నవ్వులాట కాదు, మనుషులు నీళ్ళలో పడేది అలాగే.

ఆ ఛానెల్ నిండా ఓడలే, జిబ్రాల్టర్‌కీ సూయజ్‌కీ మధ్య తిరిగేవి చాలా అక్కడ తూర్పు పడమరలుగా పోతుంటాయి, మనం ఉత్తర దక్షిణంగా వాటికి అడ్డం పోతాం. స్కిప్పర్ నేర్పిన కిటుకు ఒకటి చెప్తా. దూరంగా ఓడ దీపం కనబడగానే మన బోటు కమ్మీ ఒకదానికి సూటిగా ఆ దీపాన్ని పెట్టుకుని కదలకుండా అదే చోట కూర్చోండి. ఐదు నిమిషాలయ్యాక దీపం కమ్మీకి ముందుకో వెనక్కో జరిగిపోతే పర్లేదు, జరగకుండా అక్కడే ఉండి పెద్దదవుతుంటే అది మీ మీదకే వస్తోందని అర్థం, స్కిప్పర్‌ని లేపండి. చుట్టూ ఉన్న ఓడల్ని చూపించే ఏఐఎస్ స్క్రీన్ ఉంటుంది, అదీ చూడండి, కానీ కన్ను కూడా వాడండి.

ఆగస్టు సగం నుంచి డిసెంబర్ దాకా వెళ్తే ఇంకో చిక్కు ఉంది. లంపుకి అనే చేప కోసం జాలర్లు తాటి జాతి ఆకులు కట్టిన తెప్పల్లాంటివి నీళ్ళ మీద వరసగా లంగరేసి ఉంచుతారు, కన్నిత్సాతి అంటారు. ఆ నీడకి చేపలు చేరతాయి, వాళ్ళు వచ్చి చుట్టూ వల వేస్తారు. వాటికి దీపాలుండవు అనుకునే నడపాలి, తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే ఇక అంతే. ఆ సీజన్లో అయితే పగటిపూట దాటడమే మేలు.

తెల్లారేసరికి ముందు సన్నటి పసుపు గీత కనిపిస్తుంది. దగ్గరికెళ్ళేకొద్దీ అది గోడలవుతుంది, సున్నపురాయి, పొద్దుటి ఎండ పడితే తేనె రంగులో ఉంటుంది. తెరచాపలు దించి ఇంజిన్ మీద రండి, రేడియోలో ఛానల్ 12 మీద వాలెట్టా వీటీఎస్‌ని, అంటే రేవు ట్రాఫిక్ కంట్రోల్‌ని, పిలిచి బోటు పేరు, ఎంతమంది ఉన్నారు, ఎక్కడికి వెళ్తున్నారు చెప్పండి, ఇంగ్లీషు అక్కడ అధికార భాషే కాబట్టి ఇబ్బంది లేదు. క్రూయిజ్ షిప్ వస్తుంటే ఆగమంటారు, ఆగండి. గ్రాండ్ హార్బర్, అంటే వాలెట్టా పెద్ద రేవు, లోపలికి వెళ్ళేటప్పుడు ఎడమ ఎర్ర దీపం, కుడి పచ్చ దీపం, మన వైజాగ్ రేవులోనూ అదే లెక్క.

కుడివైపు సెయింట్ ఎల్మో కోట, ఎడంవైపు రికాసోలి. 1565లో ఒట్టోమన్ (టర్కీ సుల్తాన్) సైన్యం మాల్టా మీదకి వచ్చినప్పుడు ముందు సెయింట్ ఎల్మో మీదే ఎందుకు పడ్డారో ఇక్కడికి పడవలో వచ్చినవాడికి ఇట్టే అర్థమవుతుంది. ఆ కోట వెనకాల మార్సమ్‌షెట్ అని ఇంకో రేవు ఉంది, గ్రిగాల్ నుంచి తమ ఓడల్ని దాచుకోవడానికి వాళ్ళకి అది కావాలి, ఆ నోటి మీద ఈ కోట కూర్చుంది. గాలి భయంతో మొదలుపెట్టిన పని దాదాపు నెల తినేసింది, కోట జూన్ 23న పడింది, కానీ అప్పటికే చాలా సైన్యం పోయింది, వాళ్ళలో పేరుమోసిన నావికుడు తుర్గుత్ రయీస్ కూడా అక్కడే చచ్చిపోయాడు. సెప్టెంబర్ 8కి ముట్టడి ఎత్తేశారు. మరుసటేడు మార్చిలో, అప్పుడు దీవిని ఏలుతున్న నైట్లు అనే క్రైస్తవ యోధుల సంఘానికి పెద్ద, గ్రాండ్ మాస్టర్ లా వాలెట్, సెయింట్ ఎల్మో ఉన్న గుట్ట మీదే కొత్త ఊరికి పునాది వేశాడు, అదే వాలెట్టా. ఇప్పటికీ సెప్టెంబర్ 8న ఈ రేవులోనే తెడ్ల పడవల పందేలు జరుగుతాయి, వీలైతే ఆ తేదీకి వెళ్ళండి.

బోటు కట్టేది వాలెట్టాలో కాదు, ఎదురుగా బిర్గులో, సెయింట్ ఏంజెలో కోట కింద. 1530లో స్పెయిన్ రాజు, చక్రవర్తి ఐదో చార్లెస్ ఈ దీవిని ఏడాదికి ఒక డేగ అద్దెకి ఆ నైట్లకి ఇచ్చినప్పుడు వాళ్ళు మొదట దిగింది ఇక్కడే. ముట్టడిలో సెయింట్ ఏంజెలో నుంచి ఎదురుగా సెంగ్లియా కొస దాకా నీళ్ళకి అడ్డంగా ఇనప గొలుసు కట్టారు, మీ బోటు మరీనాలోకి వెళ్ళేది సరిగ్గా ఆ గీత మీంచే. మాకు స్కిప్పర్ చెప్పేలోపే దాటేశాం, మీరు ముందే చూసుకోండి. మరీనాలో వెనక్కి నడిపి కట్టాలి, మనిషొచ్చి నీళ్ళలోంచి ఒక నాచు పట్టిన తాడు అందిస్తాడు, దాన్ని ముందు కొసకి తీసుకెళ్ళి బిగించాలి, చేతి తొడుగులు లేకపోతే గవ్వల పెంకులు కోసేస్తాయి. ఆ తాడు నీళ్ళలో ఉన్నంతసేపూ ఇంజిన్ న్యూట్రల్‌లో ఉండాలి. నీళ్ళు జాగ్రత్తగా వాడండి, ఆ దేశంలో నది అన్నదే లేదు, సగానికి పైగా తాగునీరు సముద్రపు నీటిని శుద్ధి చేసిందే.

బిర్గు నుంచి వాలెట్టాకి బస్సెక్కకండి, దైసా అనే చిన్న పడవలు ఉంటాయి, అవతల దిగితే గుట్ట ఎక్కడానికి లిఫ్ట్ ఉంది, 58 మీటర్లు. పైన అప్పర్ బరాక్కా తోటలోంచి మధ్యాహ్నం 12కీ, సాయంత్రం నాలుగుకీ ఫిరంగి పేలుస్తారు. సెయింట్ జాన్స్ కో-కథీడ్రల్ అనే చర్చిలో ఇటలీ చిత్రకారుడు కారవాజియో 1608లో వేసిన పెద్ద బొమ్మ ఉంది, ఆయన సంతకం పెట్టింది అదొక్కటే, అదీ బొమ్మలో కారిన రక్తంలోంచే. ఆదివారం టూరిస్టుల్ని రానివ్వరు, భుజాలు కప్పుకుని వెళ్ళండి. హల్ సఫ్లియెని అనే నేల కింద రాతి సమాధులు చూడాలంటే రోజుకి 80 మందినే పంపిస్తారు, ఇండియాలో ఉండగానే బుక్ చేసుకోండి. ఆకలేస్తే పస్తిత్సి, రికోటా చీజ్‌ది గానీ బఠాణీది గానీ, శాకాహారులకి అదే గతి, అదే భాగ్యం.

కొమినో దగ్గర మాత్రం మేం బుద్ధి తెచ్చుకున్నాం. బ్లూ లగూన్ రద్దీ చూసి దీవికి ఉత్తరం వైపు శాంటా మరీయా బేలో లంగరేశాం, ఆ సాయంత్రం గాలి దక్షిణం నుంచి, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. రాత్రి రెండింటికి గాలి వాయవ్యానికి తిరిగింది, అలలు లోపలికొచ్చాయి, లంగరు ఇసకలో కాకుండా నాచు మీద పడి ఉన్నట్టుంది, జారడం మొదలెట్టింది. మేం నిద్రలో ఉన్నాం, ఫోన్‌లో పెట్టుకున్న యాంకర్ అలారం లేపింది. చీకట్లో లంగరెత్తి గోజో దీవిలోని ఇమ్జార్ రేవుకి పారిపోయాం, పక్కనే కాబట్టి సరిపోయింది. అందుకే పగలుండగానే లంగరెయ్యండి, లేత రంగులో కనిపించే ఇసక మీదే, ముదురు మచ్చల మీద కాదు. రాత్రికి గాలి ఎటు తిరుగుతుందో చూసుకుని ఆ గాలికి దీవి అడ్డుగా ఉండే వైపు బే ఎంచుకోండి. మార్సష్లోక్ అని జాలర్ల ఊరు ఉంది, పేరులోనే ష్లోక్ ఉంది, ఆగ్నేయపు గాలి రోజున అక్కడ ఉండొద్దని ఊరే చెప్తోంది. మిగతా రోజుల్లో వెళ్ళండి, ముక్కుకి కళ్ళు చెక్కిన లుత్సు పడవలు అక్కడే ఉంటాయి.

గోజోకి పారిపోయి వచ్చాం కదా అని జిగంతీయా గుళ్ళు చూశాం, సుమారు క్రీ.పూ. 3600 నాటివి, ఈజిప్టు పిరమిడ్ల కంటే ముందువి. పాత ఫోటోల్లో కనిపించే రాతి కిటికీ, అజూర్ విండో, దాని కోసం వెళ్ళకండి, 2017 మార్చిలో సముద్రంలో కూలిపోయింది.

తిరుగు ప్రయాణానికి రెండు రోజులు ఆగాం, మయ్యిస్త్రాల్ తగ్గలేదు. మూడో రోజు గాలి దక్షిణానికి తిరిగింది, నాలుగు గంటల ఫిరంగి విని తాళ్ళు విప్పాం. బోటు అప్పగించే ముందు డీజిల్ ఫుల్ చేసి ఇవ్వాలి, శనివారం పొద్దున్నే రేవులో ఉన్న బోట్లన్నీ ఒకే బంకు ముందు క్యూ కడతాయి, శుక్రవారం సాయంత్రమే కొట్టించెయ్యండి.