క్లౌడ్ రన్‌లో కొత్త సదుపాయాలు: ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది, ఎలా సరిచేయాలి

గూగుల్ క్లౌడ్ రన్ (కంటైనర్లను గూగుల్ సర్వర్ల మీద నడిపే సేవ) 2019 నవంబరులో పూర్తిస్థాయిలో అందుబాటులోకి వచ్చినప్పుడు దాని ఒప్పందం చాలా చిన్నది. మీరు ఒక కంటైనర్ (అప్లికేషన్‌నూ దానికి కావాల్సినవాటినీ కలిపి కట్టిన ప్యాకేజీ) ఇస్తారు. అది ఒక పోర్టు మీద హెచ్‌టీటీపీ రిక్వెస్టులు తీసుకోవాలి. రిక్వెస్టు నడుస్తున్నంతసేపే సీపీయూ దొరుకుతుంది. డిస్కు అంటూ ఏమీ ఉండదు. తర్వాత సైడ్‌కార్లు (ప్రధాన కంటైనర్ పక్కనే నడిచే సహాయ కంటైనర్లు), జీపీయూలు, స్టోరేజ్ మౌంట్లు, డైరెక్ట్ వీపీసీ (మీ ప్రైవేట్ నెట్‌వర్క్‌కు నేరుగా కలపడం), వర్కర్ పూల్స్ ఒక్కొక్కటిగా వచ్చాయి. ఇవేవీ పాత ఒప్పందాన్ని రద్దు చేయలేదు, ఒక్కో నిబంధనను ఒక్కో షరతు మీద సడలించాయి. ఆ షరతు గమనించకుండా సదుపాయాన్ని ఆన్ చేసినప్పుడే ఎక్కువ ఇబ్బందులు వస్తాయి.

అందుకే ఏది చెడినా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఏ దశలో ఆగింది? డిప్లాయ్ కమాండే తిరస్కరించిందా, రివిజన్ (ప్రతి డిప్లాయ్‌తో తయారయ్యే సర్వీస్ రూపం) తయారయ్యాక కంటైనర్ లేవలేదా, లేచాక రిక్వెస్టులో పడిందా, రిక్వెస్టు లేని సమయంలో పడిందా? లాగ్స్ ట్యాబ్‌లో మీ అప్లికేషన్ లాగులతో పాటు సిస్టమ్ లాగులూ చూడండి. కారణం చాలాసార్లు సిస్టమ్ లాగులోనే ఉంటుంది.

పోర్టు 8080 మీద కంటైనర్ వినడం లేదంటూ రివిజన్ ఫెయిలవుతోంది

ఈ మెసేజ్ చూసి అందరూ పోర్టునే అనుమానిస్తారు. నిజానికి దీని వెనక నాలుగు వేర్వేరు కారణాలు ఉండొచ్చు.

మొదటిది అసలు పోర్టే. సర్వర్ 127.0.0.1 మీద మాత్రమే వింటుంటే బయటి నుంచి రిక్వెస్టు చేరదు. 0.0.0.0 మీద వినాలి. పోర్టు నంబరును కోడ్‌లో రాసేయకుండా పోర్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచి తీసుకోవాలి.

రెండోది ఇమేజ్ ఆర్కిటెక్చర్. ఎం సిరీస్ చిప్ ఉన్న మ్యాక్‌లో బిల్డ్ చేసిన ఇమేజ్ ఆర్మ్ కోసం తయారవుతుంది. క్లౌడ్ రన్‌కు 64 బిట్ ఎక్స్86 లినక్స్ ఇమేజ్ కావాలి. లాగులో ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ కనిపిస్తే ఇక వేరే వెతకక్కర్లేదు. బిల్డ్ చేసేటప్పుడు ప్లాట్‌ఫామ్‌ను లినక్స్, ఏఎండీ64 అని ఇవ్వండి.

మూడోది మీరే పెట్టిన స్టార్టప్ ప్రోబ్, అంటే కంటైనర్ లేచిందో లేదో చూసే పరీక్ష. మీరేమీ పెట్టకపోతే క్లౌడ్ రన్ తనంతట తానే ఒక టీసీపీ ప్రోబ్ పెట్టి 240 సెకన్లు ఓపిక పడుతుంది. మీరు సొంతంగా హెచ్‌టీటీపీ ప్రోబ్ పెట్టి, మిగతా విలువలు ఖాళీగా వదిలేస్తే 10 సెకన్లకు ఒకసారి చొప్పున 3 సార్లే చూస్తుంది. అంటే మీ గడువు నాలుగు నిమిషాల నుంచి దాదాపు అర నిమిషానికి పడిపోయింది! నిన్నటిదాకా 50 సెకన్లకు లేచిన జావా అప్లికేషన్ ప్రోబ్ పెట్టాక లేవడం లేదంటే ఇదే. ఫెయిల్యూర్ థ్రెషోల్డ్‌ను పీరియడ్‌తో హెచ్చిస్తే వచ్చే సంఖ్య, మీ అప్లికేషన్ లేవడానికి పట్టే అత్యధిక సమయం కంటే ఎక్కువ ఉండాలి. అది 240 దాటకూడదు.

నాలుగోది సీపీయూ చాలకపోవడం. దీనికి స్టార్టప్ సీపీయూ బూస్ట్ ఉంది. 1 సీపీయూ పెట్టిన ఇన్‌స్టెన్స్‌కు (నడుస్తున్న ఒక్కో కాపీకి) 2, 2 పెట్టిన దానికి 4 ఇస్తుంది. అదీ లేచే సమయంలోనూ, ఆ తర్వాత 10 సెకన్లపాటూ మాత్రమే. స్ప్రింగ్ బూట్ వంటి వాటికి తేడా బాగా తెలుస్తుంది. కానీ లేచేటప్పుడు డేటాబేస్ కోసమో వేరే ఏపీఐ కోసమో ఎదురుచూస్తున్న అప్లికేషన్‌కు ఎంత సీపీయూ ఇచ్చినా వేగం రాదు. దాని కోడ్‌లో ఆ ఎదురుచూపునే తీసేయాలి.

సైడ్‌కార్ చేర్చాక ప్రధాన కంటైనర్ ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అంటోంది

ఒక ఇన్‌స్టెన్స్‌లో 10 కంటైనర్ల వరకు పెట్టొచ్చు. బయటి రిక్వెస్టులు తీసుకునేది మాత్రం ఒక్కటే, పోర్టు ప్రకటించాల్సింది కూడా దానికే. మిగతావాటితో లోకల్‌హోస్ట్ మీద మాట్లాడాలి. అన్నీ ఒకే నెట్‌వర్క్‌ను పంచుకుంటాయి కాబట్టి రెండు కంటైనర్లు ఒకే పోర్టు తీసుకుంటే రెండోది పడిపోతుంది.

కనెక్షన్ రిఫ్యూజ్డ్‌కు మామూలు కారణం వరుస తప్పడం. ఏమీ చెప్పకపోతే కంటైనర్లన్నీ ఒకేసారి మొదలవుతాయి. సైడ్‌కార్‌గా పెట్టిన ప్రాక్సీ ఇంకా లేవకముందే మీ అప్లికేషన్ దాన్ని పిలుస్తుంది. ‘డిపెండ్స్ ఆన్’ ఫ్లాగ్‌తో వరుస చెప్పాలి, చాలామంది అక్కడితో ఆగిపోతారు. ముందు లేవాల్సిన కంటైనర్‌కు స్టార్టప్ ప్రోబ్ లేకపోతే అది సిద్ధమైందో లేదో క్లౌడ్ రన్‌కు తెలిసే దారి లేదు. ప్రాసెస్ మొదలవగానే సరే అనుకుని తర్వాతి దాన్ని లేపేస్తుంది. వరుస, ప్రోబ్ రెండూ కలిస్తేనే పని జరుగుతుంది.

మెట్రిక్స్ లేదా ట్రేస్‌లు పంపే సైడ్‌కార్ పెట్టినప్పుడు ఇంకొకటి కనిపిస్తుంది: రద్దీ ఉన్నప్పుడు డేటా వస్తుంది, రద్దీ తగ్గితే ఖాళీలు పడతాయి. రిక్వెస్టు ఆధారిత బిల్లింగ్‌లో రిక్వెస్టు లేనప్పుడు సైడ్‌కార్‌కూ సీపీయూ ఉండదు. ఇన్‌స్టెన్స్ ఆధారిత బిల్లింగ్‌కు మారడమే దీనికి సరైన మందు.

రెస్పాన్స్ వెళ్లాక బ్యాక్‌గ్రౌండ్ పని ఆగిపోతోంది

దీనికీ కారణం ఇదే. ఈమెయిల్ పంపడం, పీడీఎఫ్ తయారుచేయడం వంటి పనిని థ్రెడ్‌లో పెట్టి వెంటనే 200 ఇచ్చేస్తే, ఆ క్షణం నుంచి సీపీయూ దాదాపు ఆగిపోతుంది. మళ్లీ రిక్వెస్టు వచ్చినప్పుడు థ్రెడ్ కాస్త ముందుకు జరుగుతుంది. అందుకే ఈ లోపం మీ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ కనిపించదు, ప్రొడక్షన్‌లోనూ ఒకసారి జరుగుతుంది, ఒకసారి జరగదు.

నో సీపీయూ థ్రాట్లింగ్ ఫ్లాగ్ ఇస్తే (ఇన్‌స్టెన్స్ ఆధారిత బిల్లింగ్ ఇదే) ఇన్‌స్టెన్స్ ఉన్నంతసేపు సీపీయూ ఉంటుంది. అయితే ఇన్‌స్టెన్స్ ఎప్పటికీ ఉంటుందని కాదు. ఖాళీగా ఉన్నదాన్ని 15 నిమిషాలలోపు ఎప్పుడైనా తీసేయొచ్చు. పోకూడని పని అయితే క్లౌడ్ టాస్క్స్ అనే క్యూ సేవలోకి తోసి, అది మళ్లీ మీ సర్వీస్‌కే రిక్వెస్టుగా వచ్చేలా చేయడం మేలు. అప్పుడు మళ్లీ ప్రయత్నించే బాధ్యత కూడా క్యూదే.

కాఫ్కా నుంచో, పబ్‌సబ్ పుల్ సబ్‌స్క్రిప్షన్ నుంచో మెసేజ్‌లు లాగే ప్రోగ్రామ్‌ను సర్వీస్‌గా నడపడానికి ఉత్తుత్తి హెచ్‌టీటీపీ పోర్టు తెరిచే పద్ధతి ఒకటి ఉండేది. వర్కర్ పూల్స్ వచ్చాక ఆ అవసరం లేదు. వాటికి పోర్టు అక్కర్లేదు, యూఆర్ఎల్ ఉండదు. కానీ రిక్వెస్టులు లేవు కాబట్టి వాటిని చూసి ఇన్‌స్టెన్సులు పెంచడం, తగ్గించడం కూడా ఉండదు. ఎన్ని కావాలో మీరే చెప్పాలి. క్యూ పేరుకుపోతోందంటే ఆ సంఖ్య చాలడం లేదని, క్యూ ఖాళీగా ఉన్నా బిల్లు వస్తోందంటే ఆ సంఖ్య తగ్గించలేదని అర్థం.

డైరెక్ట్ వీపీసీ పెట్టాక రద్దీలో కొత్త ఇన్‌స్టెన్సులు లేవడం లేదు

లాగులో సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లో ఈ సర్వీస్ వాడుకునే భాగం) ఐపీ అడ్రస్‌లు చాలడం లేదని ఉంటుంది. ఇక్కడ లెక్క చాలామంది ఊహించినదానికి రెట్టింపు. నిలకడగా నడుస్తున్నప్పుడు ఇన్‌స్టెన్సుల సంఖ్యకు రెండింతల ఐపీలు కావాలి. పైగా ఇన్‌స్టెన్సులు తగ్గాక కూడా ఆ ఐపీలు 20 నిమిషాల వరకు విడుదల కావు.

కొత్త రివిజన్ డిప్లాయ్ చేసే సమయాన్నే తీసుకోండి. పాత రివిజన్‌లో 100 ఇన్‌స్టెన్సులు తగ్గుతున్నాయి, కొత్తదానిలో 100 పెరుగుతున్నాయి. ఆ 20 నిమిషాల్లో మీకు కావాల్సినవి 400 ఐపీలు. 24 బిట్ల సబ్‌నెట్‌లో (/24; ఈ సంఖ్య తగ్గేకొద్దీ సబ్‌నెట్ పెద్దదవుతుంది) వాడుకోదగినవి 252 మాత్రమే. అంటే మామూలు రోజుల్లో చక్కగా నడిచే సర్వీస్ సరిగ్గా డిప్లాయ్ రోజునే ఇరుక్కుంటుంది. క్లౌడ్ రన్ కనీసం 26 బిట్ల సబ్‌నెట్ ఉంటే ఒప్పుకుంటుంది. ఒప్పుకుంది కదా అని దానితో ప్రొడక్షన్‌కు వెళ్లకండి. పై ఉదాహరణకు 23 బిట్లు కావాలి. ఆఫీసు నెట్‌వర్క్‌లో 10తో మొదలయ్యే రేంజ్ మిగల్లేదంటే 100.64.0.0 నుంచి మొదలయ్యే 10 బిట్ల రేంజ్‌నో, 240.0.0.0 నుంచి మొదలయ్యే క్లాస్ ఇ రేంజ్‌నో వాడుకోవచ్చు. మ్యాక్సిమమ్ ఇన్‌స్టెన్సుల సంఖ్యను సబ్‌నెట్‌కు తగ్గట్టు తగ్గించడం తాత్కాలిక ఉపశమనం మాత్రమే.

ఇన్‌స్టెన్స్ లేచింది గానీ బయటి ఏపీఐకి వెళ్లే కాల్స్ టైమ్ అవుట్ అవుతుంటే, ట్రాఫిక్ మొత్తం వీపీసీ గుండా పంపమని పెట్టారేమో చూడండి. ఆ పద్ధతిలో క్లౌడ్ న్యాట్ (ప్రైవేట్ ఐపీలను బయటి ఐపీగా మార్చి పంపే సేవ) లేకుండా ఇంటర్నెట్‌కు దారి లేదు. ప్రైవేట్ అడ్రస్‌లకు మాత్రమే వీపీసీ చాలనుకుంటే ప్రైవేట్ రేంజెస్ ఓన్లీ అని మార్చండి. అవతలి సంస్థ ఒక స్థిరమైన ఐపీని అడిగితే మాత్రం మొత్తం ట్రాఫిక్, క్లౌడ్ న్యాట్ రెండూ కావాలి. ఇక ఇన్‌స్టెన్స్ లేచిన మొదటి క్షణాల్లోనే కనెక్షన్లు తప్పుతున్నాయంటే, నెట్‌వర్క్ దారి ఇంకా సిద్ధం కాలేదని. డేటాబేస్‌ను నిజంగా తాకి చూసే హెచ్‌టీటీపీ స్టార్టప్ ప్రోబ్ పెడితే, దారి తెరుచుకున్నాకే రిక్వెస్టులు వస్తాయి.

జీపీయూ సర్వీస్: డిప్లాయ్ కావడం లేదు, అయినా మెల్లగా ఉంది

ఎన్విడియా ఎల్4 జీపీయూకు కనీసం 4 సీపీయూలు, 16 జీబీ మెమరీ ఇవ్వాలి. బిల్లింగ్ ఇన్‌స్టెన్స్ ఆధారితంగా ఉండాలి. ఇవి తక్కువైతే కమాండే తిరస్కరిస్తుంది కాబట్టి దొరికిపోతాయి. తికమక పెట్టేది కోటా, అంటే ప్రాజెక్టుకు కేటాయించిన పరిమితి. జోనల్ రిడండెన్సీ (ఒక జోన్ చెడినా వేరే జోన్‌లో నడిచే ఏర్పాటు) ఉన్న జీపీయూకు ఒక కోటా, లేనిదానికి ఇంకో కోటా. ఏమీ చెప్పకపోతే రిడండెన్సీ ఉన్నదే అడిగినట్టు. కొత్త ప్రాజెక్టులో అది లేక ఫెయిలవుతుంది. నో జీపీయూ జోనల్ రిడండెన్సీ ఫ్లాగ్ ఇచ్చి, మ్యాక్సిమమ్ ఇన్‌స్టెన్సులను మీ కోటాకు లోపల పెట్టండి. ధర కూడా తగ్గుతుంది.

కంటైనర్ లేచి, జీపీయూను వాడటానికి కావాల్సిన CUDA లైబ్రరీ కనబడలేదంటే డ్రైవర్‌ను మళ్లీ ఇమేజ్‌లో పెట్టకండి. క్లౌడ్ రన్ డ్రైవర్ లైబ్రరీలను /usr/local/nvidia/lib64 ఫోల్డర్‌లో అందుబాటులో ఉంచుతుంది. మీ బేస్ ఇమేజ్ ఆ ఫోల్డర్‌లో వెతకకపోతే లైబ్రరీ పాత్ వేరియబుల్‌కు దాన్ని చేర్చండి.

మోడల్ లోడ్ కావడంలో మెమరీ చాలకపోతే లెక్క వేసుకోండి. ఎల్4లో 24 జీబీ ఉంటుంది. 16 బిట్లలో ఒక్కో పారామీటర్‌కు 2 బైట్లు, కాబట్టి 700 కోట్ల పారామీటర్ల మోడల్‌కు 14 జీబీ, పట్టేస్తుంది. 1,300 కోట్లదానికి 26 జీబీ, పట్టదు. ఒక్కో పారామీటర్‌ను 4 బిట్లకు కుదిస్తే (క్వాంటైజ్ చేస్తే) అదే మోడల్ సుమారు 6.5 జీబీకి దిగుతుంది, కాంటెక్స్ట్‌కు కూడా చోటు మిగులుతుంది.

మెల్లగా ఉండటానికి పెద్ద కారణం కాంకరెన్సీ, అంటే ఒక ఇన్‌స్టెన్స్ ఒకేసారి తీసుకునే రిక్వెస్టుల సంఖ్య. జీపీయూ ఎంత బిజీగా ఉందో ఆటోస్కేలింగ్ చూడదు, సీపీయూ వాడకాన్నీ ఒకేసారి నడుస్తున్న రిక్వెస్టులనూ మాత్రమే చూస్తుంది. మోడల్ ఒకేసారి 4 ప్రశ్నలకే జవాబివ్వగలిగినప్పుడు కాంకరెన్సీ 80 అని వదిలేస్తే, మిగతా 76 లోపలే క్యూలో నిలబడతాయి, కొత్త ఇన్‌స్టెన్స్ వెంటనే రాదు. మోడల్‌ను నడిపే ఒల్లామా ప్రోగ్రామ్ వాడితే దాని సమాంతర రిక్వెస్టుల సెట్టింగ్, క్లౌడ్ రన్ కాంకరెన్సీ ఒకే సంఖ్య పెట్టి మొదలుపెట్టండి. కొలిచి చూశాకే పెంచండి.

బకెట్ మౌంట్ చేశాక కంటైనర్ లేవడం లేదు, లేదా ఫైళ్లు పాడవుతున్నాయి

బకెట్ అంటే క్లౌడ్ స్టోరేజ్‌లో ఫైళ్లు ఉంచే చోటు. లేవకపోతే సర్వీస్ అకౌంట్‌కు (సర్వీస్ ఏ గుర్తింపుతో నడుస్తుందో అది) ఆ బకెట్ మీద స్టోరేజ్ ఆబ్జెక్ట్ యూజర్ రోల్ ఉందో లేదో, ఎగ్జిక్యూషన్ ఎన్విరాన్‌మెంట్ రెండో తరందో కాదో చూడండి. చదవగలుగుతోంది కానీ రాయలేకపోతోందంటే, కంటైనర్ రూట్ కాని యూజర్‌తో నడుస్తూ ఉండొచ్చు. మౌంట్ ఆప్షన్లలో ఆ యూజర్ ఐడీ, గ్రూప్ ఐడీ ఇవ్వాలి.

ఫైళ్లు పాడవడం అంతకంటే పెద్ద విషయం. మౌంట్ చేసిన బకెట్ ఫోల్డర్‌లాగా కనిపిస్తుంది గానీ అది డిస్కు కాదు. లాకింగ్ లేదు. ఒకే ఫైల్‌ను ఇద్దరు రాస్తే చివర రాసినదే మిగులుతుంది. ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌ను అక్కడ పెట్టకండి. మోడల్ ఫైళ్లు, చిత్రాలు, ఒకసారి రాసి చాలాసార్లు చదివేవి పెట్టండి. మౌంట్ చేయని ఫోల్డర్లలో, టెంప్‌తో సహా, రాసే ప్రతి బైటూ మెమరీలోంచే పోతుంది. 512 ఎంబీ ఇచ్చిన కంటైనర్‌లో 400 ఎంబీ వీడియోను టెంప్‌లోకి దించితే మెమరీ దాటి ఇన్‌స్టెన్స్ ఆగిపోతుంది.

403 వస్తోంది

403 అంటే అనుమతి లేదని. అందరికీ తెరవాలని ఆల్ యూజర్స్‌కు ఇన్వోకర్ రోల్ (సర్వీస్‌ను పిలిచే అనుమతి) ఇవ్వబోతే సంస్థ పాలసీ అడ్డుపడుతుంది. బయటి డొమైన్లకు అనుమతి ఇవ్వకూడదనే నియమం వల్ల అలా జరుగుతుంది. నో ఇన్వోకర్ ఐఏఎం చెక్ ఫ్లాగ్ ఇందుకే వచ్చింది. సర్వీస్ నిజంగా బహిరంగంగా ఉండాల్సినదైతేనే వాడండి. లోపలి టీమ్ కోసమైతే ఐఏపీని (లాగిన్ అయినవారినే లోపలికి పంపే గూగుల్ సేవ) నేరుగా సర్వీస్ మీదే ఆన్ చేయొచ్చు, లోడ్ బ్యాలెన్సర్ అక్కర్లేదు. లాగిన్ అయ్యాక కూడా 403 వస్తే ఐఏపీ సర్వీస్ ఏజెంట్‌కు ఇన్వోకర్ రోల్ ఇవ్వలేదన్నమాట. ఐఏపీ ఆన్ చేశాక పబ్‌సబ్ పుష్ ఆగిపోతే, ఆ పనికి ఐఏపీ లేని వేరే సర్వీస్ పెట్టండి.

ట్రాఫిక్ లేని పాత రివిజన్‌కు బిల్లు వస్తోంది

మినిమమ్ ఇన్‌స్టెన్సులను రివిజన్ స్థాయిలో పెట్టి, ఆ రివిజన్‌కు ట్యాగ్ (దానికి నేరుగా వెళ్లే పేరు) ఇచ్చి మరిచిపోయి ఉంటారు. ట్యాగ్ తీసేయండి, మినిమమ్‌ను సర్వీస్ స్థాయికి మార్చండి. అక్కడ పెడితే ట్రాఫిక్ తీసుకుంటున్న రివిజన్లకే వర్తిస్తుంది.

జాబ్ సగంలో ఆగి, మళ్లీ నడిచి, రికార్డులు రెండుసార్లు పడుతున్నాయి

జాబ్ అంటే పని పూర్తిచేసి ఆగిపోయే కంటైనర్, అందులోని ఒక్కో వాటాయే టాస్క్. టాస్క్ గడువు ఏమీ చెప్పకపోతే 10 నిమిషాలు, ఫెయిలైతే మళ్లీ ప్రయత్నించేది 3 సార్లు. 12 నిమిషాల పని ప్రతిసారీ పదో నిమిషంలో తెగి, మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. గడువు పెంచండి. దానితో పాటు ప్రతి రికార్డుకూ మారని కీ ఇచ్చి, ఉంటే దాటిపోయేలా, లేకపోతే చేర్చేలా రాయండి. గడువు ఎంత పెంచినా నెట్‌వర్క్ తెగి టాస్క్ మళ్లీ నడిచే రోజు వస్తుంది. పనిని ముక్కలు చేస్తే టాస్క్ ఇండెక్స్, టాస్క్ కౌంట్ వేరియబుల్స్‌తో ఎవరి వాటా వారు తీసుకోవాలి. వీటిని చదవడం మరిచిపోతే 10 టాస్కులూ మొత్తం పనిని పదిసార్లు చేస్తాయి, పైగా లాగులో అన్నీ విజయవంతం అనే కనిపిస్తుంది.