ఫ్యాను రెక్కకు గాటు పడితే
మా తడ వైపు పులికాట్‌లో నీళ్లు తగ్గాయంటే బోటు ఇంజను ఫ్యాను (నీళ్లలో తిరిగే ప్రొపెల్లర్) నేలకు తగలడం మామూలే. రెక్క అంచుకు గాటు పడి ఇంజను వణుకుతుంది.

అల్యూమినియం ఫ్యాను, చిన్న గాటు అయితే ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. ముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకేయండి. గేరులో ఉంటే ఫ్యాను చేత్తో తిప్పినా ఇంజను అంటుకోవచ్చు, వేళ్లు పోతాయి. సన్న ఆకురాయితో గాటు అంచుల్ని ఒకే వైపుకు రుద్ది, 220 నంబరు ఎమెరీ పేపరుతో నున్నగా చేయండి. తర్వాత పాత నూలు గుడ్డతో అంచు తుడవండి. పోగు తగులుకుంటే అక్కడ ఇంకా గరుకు ఉన్నట్టే. గాటు పూర్తిగా పోవాలని మాత్రం అరగదీయకండి, రెక్కల బరువు తేడా వచ్చి వణుకు పెరుగుతుంది.

రెక్క వంగినా, రెక్క మొదలు దగ్గర సన్న పగులు కనిపించినా ఈ పద్ధతి పనికిరాదు, మెకానిక్‌కి చూపించాల్సిందే.