ఇన్‌స్పెక్షన్‌లో కారు ఫెయిలైంది, చేతిలో డబ్బు తక్కువ: ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

కారు ఇన్‌స్పెక్షన్‌లో ఫెయిలైతే చాలామంది ఆ రిపోర్టును నేరుగా షెడ్డుకు తీసుకెళ్లి, కౌంటర్ మీద పెట్టి "మొత్తం చేయడానికి ఎంతవుతుంది?" అని అడుగుతారు. ఆ కౌంటర్‌కు ఇవతల కూర్చుని ఏళ్లతరబడి ఎస్టిమేట్లు రాశాను కాబట్టి చెబుతున్నాను, డబ్బుకు ఇబ్బందిగా ఉన్నప్పుడు అడగకూడని ప్రశ్న అదే. "మొత్తం" అన్నారంటే రిపోర్టులో లేనివి కూడా వచ్చి చేరతాయి. అది మోసమే కానక్కర్లేదు. మెకానిక్ కంటికి కనిపించిన అరుగుదలంతా ఎస్టిమేట్‌లోకి ఎక్కుతుంది, అంతే.

ముందు రిపోర్టు మీరే చదవండి. కారును ఫెయిల్ చేసిన లైన్లు వేరు, "త్వరలో చూసుకోండి" అని సలహాగా రాసినవి వేరు. రెండో రకాన్ని వేరే కాగితం మీద రాసి పక్కన పెట్టండి. అవి ఈ నెల ఖర్చు కాదు. మళ్లీ పరీక్షకు గడువెంత, ఫెయిలైనవి మాత్రమే చూస్తారా, అంతా మొదటినుంచి చూస్తారా, ఫీజు మళ్లీ కట్టాలా అనేవి పరీక్ష చేసినచోటే అడిగి తెలుసుకోండి. గడువు ఉందంటే తొందరపడి మొదటి షెడ్డుకే ఒప్పుకోవాల్సిన అవసరం లేదు.

బ్రేకులు, స్టీరింగు, టైర్లలో తీగలు బయటపడటం లాంటివి ఫెయిల్ లైన్లలో ఉంటే మాత్రం కారును షెడ్డు దాకా కూడా నడపకండి. టోయింగ్ ఖర్చు దండగ అనిపిస్తుంది, కానీ అక్కడ పొదుపు చేయొద్దు.

ఇంటి దగ్గరే అయిపోయే పనులు ముందు పూర్తిచేయండి. బల్బు వెలగకపోతే ముందు ఫ్యూజు చూడండి, ఆ తర్వాత హోల్డర్‌లో తుప్పు పట్టిందేమో చూడండి, కొత్త బల్బు ఆ తర్వాతే. హారన్ మోగకపోయినా ఇదే వరస. వైపర్‌కు రబ్బరు మాత్రమే దొరికితే బ్లేడు మొత్తం మార్చనక్కర్లేదు. హెడ్‌లైట్ పచ్చబడి వెలుతురు తగ్గిందని రాస్తే, 1000 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 2000 దాకా నీళ్లు పోస్తూ రుద్ది, పాలిష్ పట్టించి, పైన ఎండనుంచి కాపాడే యూవీ కోటింగ్ వేయండి. టూత్‌పేస్ట్‌తో రుద్దే వీడియోలు చూసే ఉంటారు. దానితో కొంచెం మెరుపు వస్తుంది, కోటింగ్ లేదు కాబట్టి కొద్ది నెలల్లో మళ్లీ పచ్చబడుతుంది.

టైర్ల గాడుల్లో అడ్డంగా చిన్న దిమ్మెలుంటాయి. చాలా కంపెనీల కార్ల టైర్లలో వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పైభాగం అరిగి ఆ దిమ్మెల మట్టానికి వచ్చిందంటే టైరు పనైపోయినట్టే. సెకండ్‌హ్యాండ్ టైరు కొనాల్సివస్తే పక్కగోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు చదవండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైన టైరు. గాడులు ఎంత లోతుగా ఉన్నా, పక్కగోడ మీద పగుళ్లున్న టైరు వద్దు. పాత టైరు లోపలి అంచు మాత్రమే అరిగి ఉంటే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించకుండా కొత్తది వేయకండి, అదీ అలాగే అరుగుతుంది. స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ మార్చేది ఉంటే అలైన్‌మెంట్ దాని తర్వాతే, లేకపోతే ఆ డబ్బు రెండుసార్లు కట్టాలి.

బ్రేకుల దగ్గర నేను పాత సామాను ఒప్పుకోను. ప్యాడ్లు ఒక చక్రానికే అరిగినా ఆ జత చక్రాలకు రెండువైపులా మార్చాలి. డిస్కు మాత్రం ప్రతిసారీ మార్చక్కర్లేదు. దాని కనీస మందం సాధారణంగా డిస్కు మీదే అచ్చువేసి ఉంటుంది, కొలిచి చూపించమనండి. ఒకవైపు ప్యాడే త్వరగా అరిగిందంటే చాలాసార్లు ప్యాడ్లను నొక్కే కాలిపర్‌లోని పిన్నులు బిగుసుకుపోయి ఉంటాయి. శుభ్రం చేసి బ్రేక్ గ్రీజు పట్టిస్తే సరిపోయే చోట కొత్త కాలిపర్ రాసిన ఎస్టిమేట్లు నేను చూశాను.

అసలు డబ్బు పోయేది ఇంజిన్ లైటు, పొగ దగ్గర. స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ సాకెట్ (కారు కంప్యూటర్‌కు స్కానర్ తగిలించే చోటు) ఉంటే చిన్న స్కానర్‌తో లోపం కోడ్ మీరే చదవొచ్చు. కానీ ఏ పార్టు మార్చాలో కోడ్ చెప్పదు, లక్షణం మాత్రమే చెబుతుంది. పీ0420 వచ్చిందనుకోండి. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని కారు అనుకుంటోంది, అంతవరకే. దాని దగ్గర సైలెన్సర్ పైపులో లీకున్నా ఆ కోడ్ రావచ్చు. పీ0300 వరస కోడ్లు కూడా ఉంటే ఇంజిన్ మిస్‌ఫైర్ అవుతోందని, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండటం లేదని అర్థం, ముందు దాన్ని ఆపాలి. కాలకుండా వచ్చిన పెట్రోలు కన్వర్టర్‌లో మండి దాన్ని మాడ్చేస్తుంది. స్పార్క్ ప్లగ్గులు గానీ ఇగ్నిషన్ కాయిల్ గానీ, ఏది పోతే అది మార్చకుండా కొత్త కన్వర్టర్ వేస్తే అదీ మాడుతుంది. ఈవాప్ (పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా పట్టే ఏర్పాటు) కోడ్ అయితే ముందు పెట్రోలు ట్యాంకు మూత రబ్బరు చూడండి. పెట్రోలు వాసన లేదా లీకు ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి. పెట్రోలుతో పోలిస్తే గాలి ఎక్కువైందని చెప్పే పీ0171 వస్తే ఇంజిన్ చుట్టూ పగిలిన గాలిగొట్టం వెతకండి, లోపలికి వెళ్లే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్‌ను దానికోసమే అమ్మే స్ప్రేతో శుభ్రం చేయండి. ఇక్కడ డయాగ్నసిస్‌కు విడిగా డబ్బు కట్టడం నాకు ఖర్చులా కనిపించదు. ఊహించి సెన్సర్లు మార్చుకుంటూ పోయేదానికన్నా అదే చవక.

పరీక్షకు వెళ్లే ముందు కోడ్లు చెరిపేస్తే పాసవుతుందనే సలహా వినకండి. చెరిపితే కారు తనను తాను పరీక్షించుకున్న వివరాలు కూడా పోతాయి. ఆ పరీక్షలు పూర్తికాలేదని మెషీన్‌కు తెలిసిపోతుంది. రిపేరు తర్వాత కోడ్ తీసేసినా, కొన్ని రోజులు చల్లటి ఇంజిన్ స్టార్ట్‌లు, ట్రాఫిక్, హైవే అన్నీ కలిపి నడిపి, స్కానర్‌లో మానిటర్లు (ఆ స్వీయపరీక్షలు) రెడీ అని చూపించాకే వెళ్లండి.

షెడ్డులో ఏమనాలంటే: "అన్నా, ఈ లైన్లు మాత్రమే చేయండి. పార్టులకెంత, లేబర్‌కెంత విడివిడిగా రాసివ్వండి. ఇంకేదైనా కనిపిస్తే విప్పేముందు నాకు ఫోన్ చేయండి. తీసిన పార్టులు నాకు చూపించండి." ఇలా మర్యాదగా చెబితే ఏ మంచి మెకానిక్కూ కోపం తెచ్చుకోడు. ఒకే చోట విప్పాల్సిన పనులు కలిపి చేయించమని కూడా అడగండి. చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ మీది రబ్బరు బూటు చినిగి, అదే వైపు చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ కూడా పోతే చాలా కార్లలో విప్పే పని సగం ఒకటే. లేబర్ రెండుసార్లు ఎందుకు ఇవ్వాలి?

సెకండ్‌హ్యాండ్‌లో అద్దాలు, లైట్లు, ఆల్టర్నేటర్, హ్యాండిళ్లు ధైర్యంగా తీసుకోవచ్చు. బాల్ జాయింట్లు, బ్రేక్ పైపులు, టైమింగ్ బెల్టు, ఎయిర్‌బ్యాగులు వద్దు. కొత్తది కొనేటప్పుడు ఛాసిస్ నంబరుతో పార్టు నంబరు తెలుసుకుని అడిగితే తప్పు పార్టు వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. కారు కంపెనీ డబ్బాలో వచ్చే పార్టు తరచుగా వేరే తయారీదారుది. అదే తయారీదారు సొంత డబ్బాలో అమ్మేది చవగ్గా దొరకొచ్చు.

ఇన్ని చెప్పినా, అడుగుభాగంలో ఛాసిస్ తుప్పుపట్టి ఫెయిలైన కారు విషయంలో నా అభిప్రాయం వేరు. ఒకచోట వెల్డింగ్ అయితే చేయించండి. సుత్తితో తట్టినచోటల్లా రేకు కూలుతుంటే బ్రేకులకు, టైర్లకు పెట్టబోయే డబ్బు కూడా ఆపేసి, ఉన్నది ఉన్నట్టు అమ్మేయండి. కొనేవాడికి ఫెయిలైన రిపోర్టు చూపించి అమ్మండి.

మళ్లీ పరీక్ష రోజు కనీసం ఇరవై నిమిషాలు నడిపి ఇంజిన్, సైలెన్సర్ బాగా వేడెక్కాక లోపలికి తీసుకెళ్లండి. క్యాటలిటిక్ కన్వర్టర్ చల్లగా ఉంటే పనిచేయదు. నంబరు ప్లేటు తుడిచి, అద్దాలు కడిగి, టైర్లలో గాలి సరిచూసి, రిపేరు బిల్లులు వెంట పెట్టుకోండి.