స్కీయింగ్ నేర్చుకుందాం – 5వ పాఠం: కొత్త కొండ, పక్కన ఒక ఫ్రెండు

ఇప్పటిదాకా నాలుగు పాఠాలూ స్నోక్వాల్మీ కొండ మీదే నడిచాయి. బూట్లు బిగించుకోవడం, పడటం, పడ్డాక లేవడం, స్కీల (బూట్లకి తగిలించుకునే పొడవాటి పలకల) ముందు కొనలు దగ్గరికి తెచ్చి పిజ్జా ముక్కలా పెట్టి ఆగడం, అటూ ఇటూ మలుపులు, చెయిర్‌లిఫ్టు (తీగకి వేలాడుతూ కొండ మీదికి మోసుకెళ్ళే కుర్చీ) దిగేటప్పుడు పక్కవాణ్ణి పడేయకుండా ఉండటం. సియాటిల్ నుంచి దాదాపు గంట దూరం, రాత్రిపూట లైట్లు కూడా వేస్తారు, ఆఫీసు అయ్యాక వెళ్ళి నాలుగు రౌండ్లు వేసి వచ్చేయొచ్చు. అందుకే అక్కడ మనమందరం మొనగాళ్ళమే. ఏ మలుపు తర్వాత ఏమొస్తుందో కాళ్ళకి కంఠతా వచ్చేసింది మరి.

ఈసారి ఆ కంఠతా పనికిరాని చోటికి వెళ్దాం. నేను మొదటిసారి కెనడాలోని విస్లర్‌కి వెళ్ళిన రోజునే పాఠంగా పెడుతున్నాను, ఎందుకంటే ఒక్క రోజులో అన్ని తప్పులు వరసగా చేసినవాడు నాకు ఇంకొకడు తెలియదు. నాతో వచ్చింది నా ఇంజినీరింగ్ క్లాస్‌మేటు, వాంకూవర్‌లో ఉంటాడు, ఆరేళ్ళుగా స్కీయింగ్ చేస్తున్నాడు. విస్లర్ మాత్రం వాడికీ కొత్తే.

ముందు ఆ కొండ ఎంతో చూడండి. విస్లర్, బ్లాక్‌కోంబ్ అని పక్కపక్కన రెండు కొండలు, రెండూ కలిపి ఒకే రిసార్టు, 8,171 ఎకరాలు. మా ఊరి ఆయకట్టు మొత్తం కలిపినా అంత ఉండదు. గుర్తులు పెట్టిన దారులే రెండు వందలకు పైన. కింద ఊరు 675 మీటర్ల ఎత్తులో ఉంటే, విస్లర్ కొండ మీద చివరి లిఫ్టు దింపేది సుమారు 2,180 మీటర్ల దగ్గర. 2010 వింటర్ ఒలింపిక్స్‌లో ఆల్పైన్ స్కీయింగ్ పోటీలన్నీ ఈ కొండ మీదే జరిగాయి. అలాంటి చోట పొద్దున్నే దిగి "ఎక్కడెక్కుదాంరా" అని అడుక్కుంటూ నిలబడితే సగం రోజు అక్కడే పోతుంది. మాకు పోయింది.

అందుకని పని ముందురోజు రాత్రే మొదలవ్వాలి. రిసార్టు మ్యాపు ఫోన్లో దింపుకోండి. దాని మీద ఆకుపచ్చ గుండ్రం అంటే తేలిక, నీలం చదరం అంటే మధ్యరకం, నల్ల వజ్రం అంటే కష్టం, రెండు నల్ల వజ్రాలుంటే మనకి సంబంధం లేని విషయం. ఇక్కడ చాలామంది మోసపోయేది ఒకటుంది. ఈ రంగులు దేశం మొత్తానికి ఒకే కొలత పెట్టి ఇచ్చినవి కావు, ఆ కొండ మీద ఉన్న మిగతా దారులతో పోల్చి ఇచ్చినవి. మా క్లాసు ఫస్టు, మీ క్లాసు ఫస్టు ఒకటి కానట్టే స్నోక్వాల్మీ బ్లూ, విస్లర్ బ్లూ ఒకటి కావు. పెద్ద కొండకి వెళ్తే మీ స్థాయిని ఒక మెట్టు తగ్గించుకుని మొదలుపెట్టండి. ఇంటి దగ్గర బ్లూ దిగేవాళ్ళు అక్కడ మొదటి గంట గ్రీన్‌లోనే. యూరప్ వెళ్తే రంగులే మారిపోతాయి, నీలానికీ నలుపుకీ మధ్య ఎరుపు వస్తుంది, అది మరోసారి.

ఇక మ్యాపు చూసే పద్ధతి. అందరూ కింద నుంచి పైకి చూస్తారు, ఏ లిఫ్టు ఎక్కడిదాకా వెళ్తుందని. మీరు తిరగేయండి. లిఫ్టు ఆగే చోట వేలు పెట్టి, ఆకుపచ్చ గీత మీదే జరుపుకుంటూ కిందికి రండి. గీత మధ్యలో తెగకుండా మళ్ళీ అదే లిఫ్టు దగ్గరికో, ఊళ్ళోకో చేరితే ఆ లిఫ్టు మీది. ఎక్కడైనా వేలు నీలం మీదకో నలుపు మీదకో ఎక్కక తప్పకపోతే ఆ లిఫ్టు ఈరోజుకి లేనట్టే. దిగే దారి వేలితో చూసుకోకుండా ఏ లిఫ్టూ ఎక్కకూడదు, ఈ పాఠంలో పట్టుకోవాల్సింది ఇదే, మిగతాదంతా దీని చుట్టూ అల్లిందే. విస్లర్లో ఊళ్ళోంచి బయల్దేరే గొండోలాకి (తీగ మీద వెళ్ళే మూసిన పెట్టెలాంటి లిఫ్టు) మధ్యలో ఒలింపిక్ స్టేషన్ అని ఒక ఆగే చోటుంది, నేర్చుకునేవాళ్ళ మైదానం అక్కడే. పైన రౌండ్‌హౌస్ అనే భోజనశాల దాకా వెళ్తే ఎమరాల్డ్ అనే చెయిర్ చుట్టుపక్కల తేలిక దారులు చాలా ఉన్నాయి. మేం పొద్దున అక్కడే తిరిగి ఉంటే నాకు రాయడానికి ఏమీ ఉండేది కాదు.

దారి గురించి రెండు ముక్కలు. సియాటిల్ నుంచి వెళ్ళేవాళ్ళు, హెచ్1 మీద ఉంటే కెనడా వీసా ఉందో లేదో చూసుకోండి, సరిహద్దు దగ్గర స్కీలు చూపిస్తే వదలరు. వాంకూవర్ దాటాక 99వ నంబరు రోడ్డు, అక్టోబరు 1 నుంచి చలికాలపు టైర్లు తప్పనిసరి.

అద్దె కొట్టులో నా మొదటి తప్పు జరిగింది. స్కీకి బూటుని పట్టి ఉంచే బైండింగ్‌ని ఎంత బిగించాలో బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీ స్థాయి ఇవన్నీ చూసి లెక్క కడతారు. నేను పరువు కోసం బరువు ఐదు కిలోలు తగ్గించి చెప్పి, స్థాయి మాత్రం ఒక మెట్టు పెంచి చెప్పాను. పెళ్ళి సంబంధానికి చెప్పినట్టు. బైండింగ్ మరీ బిగువుగా ఉంటే పడ్డప్పుడు ఊడదు, స్కీ తిరిగిన వైపే మోకాలూ తిరుగుతుంది. మరీ వదులైతే మామూలు మలుపులోనే ఊడిపోతుంది. ఆ కౌంటర్ దగ్గర సిగ్గుపడకుండా నిజం చెప్పండి, మీ బరువు వాళ్ళకి రోజూ చూసే నాలుగు వందల బరువుల్లో ఒకటి.

బట్టల విషయంలో కింద వాతావరణాన్ని నమ్మొద్దు. ఎత్తు పెరిగేకొద్దీ వెయ్యి మీటర్లకి సుమారు ఆరు డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది, అంటే ఊళ్ళో మూడు డిగ్రీల్లో వాన పడుతుంటే పైన మైనస్ ఆరు దగ్గర గాలితో మంచు పడుతుండొచ్చు. సముద్రానికి దగ్గరి కొండలు కాబట్టి అక్కడ ఇది మామూలే.

ఇప్పుడు ఫ్రెండు సంగతి. మనకంటే బాగా వచ్చినవాడితో వెళ్ళడం మంచిదే, కానీ కొండ మీద నేను విన్న మాటల్లో అన్నిటికన్నా ప్రమాదమైనది "ఏం కాదురా, రా". వాడికి ఏమీ కాదు, నిజమే. ఆరేళ్ళ అలవాటులో వాడు భయం అంటే ఏమిటో మర్చిపోయాడు, అబద్ధం చెప్పట్లేదు పాపం. అందుకే మొదటి లిఫ్టు ఎక్కకముందే ఇద్దరూ నిలబడి మాట్లాడుకోండి. ఏ దారిలో వెళ్ళాలో తక్కువ వచ్చినవాళ్ళు చెప్పాలి, ఎక్కువ వచ్చినవాళ్ళు ఒప్పుకోవాలి. వాడికి విసుగనిపిస్తే మధ్యాహ్నం ఒక గంట వాడిష్టం, మీరు కాఫీ తాగుతూ కూర్చోండి. విడిపోతే ఎక్కడ కలవాలో ఒక చోటు, "ప్రతి గంటకీ" అని ఒక టైము అనుకోండి. ఫోను ఉందిగా అంటారా? చలికి బ్యాటరీ ఎంత త్వరగా చస్తుందో చూడని వాళ్ళ మాట అది. లోపలి జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకోండి. మేం ఇవేవీ అనుకోలేదు.

మధ్యాహ్నం మాత్రం బాగా గడిచింది. పదకొండున్నరకే రౌండ్‌హౌస్‌లో చోటు పట్టాం, పన్నెండు దాటితే కుర్చీ దొరకదు. మా ఫ్రెండు వాళ్ళావిడ కట్టిచ్చిన పులిహోర జాకెట్టు జేబులో గట్టిపడిపోయి ఇటుకలా వచ్చింది, అయినా వదల్లేదు, తిన్న చేత్తోనే గ్లవ్ వేసుకుంటే ఆ గ్లవ్ లోపల పసుపు ఇప్పటికీ ఉంది. తర్వాత రెండు కొండల మధ్య వేలాడే పీక్ టు పీక్ గొండోలా ఎక్కాం. 2008 డిసెంబరులో మొదలైంది, 4.4 కిలోమీటర్లు, పదకొండు నిమిషాలు, ఒకచోట కింద లోయ 436 మీటర్ల లోతున ఉంటుంది. మావాడు కళ్ళు మూసుకున్నాడు. ఆరేళ్ళ అనుభవం!

అక్కడి నుంచి తిరిగొచ్చి వాడు ఒక చెయిర్ చూపించాడు. పేరెందుకు, తప్పు దానిది కాదు. "పైనుంచి గ్రీన్ ఉందట, ఏం కాదురా." వేలు పెట్టి చూశానా? లేదు. పైకి వెళ్ళేసరికి మబ్బు దిగింది. కింద మంచు, పైన పొగమంచు, మనకి రెండూ మంచే కాబట్టి ఆ తేడా అక్కడ కంటికి కూడా లేకుండా పోయింది. నేల ఎక్కడ ఎగుడో ఎక్కడ దిగుడో తెలియదు, కదులుతున్నానో ఆగానో కూడా ఒక్కోసారి తెలియదు. (ఇలాంటప్పుడు చెట్ల వరస పక్కనున్న దారికి దిగిపోవాలి, నల్లటి చెట్లుంటే కంటికి ఆసరా దొరుకుతుంది. కానీ చెట్ల మధ్యలోకి మాత్రం వెళ్ళొద్దు, మొదళ్ళ చుట్టూ మంచు గుల్లగా ఉండి అందులో తలకిందులుగా పడితే సొంతంగా బయటికి రాలేం.) మావాడు ముందు, నేను వెనక. గ్రీన్ బోర్డు దగ్గర కుడికి తిరగాల్సింది, ఇద్దరం చూడలేదు. రెండు నిమిషాల్లో నేను ఒక నీలం దారి నెత్తి మీద నిలబడి ఉన్నాను, వాడు కనపడట్లేదు, ఫోను తీస్తే నలభై శాతం చూపించి నల్లబడింది.

అక్కడ నన్ను దింపింది పిజ్జా కాదు. అంత వాలులో పిజ్జా ఆగదు, తొడలు వణుకుతాయి. దింపింది పక్కకి జారడం. ఈ వారం మీరు నేర్చుకోవాల్సిన విద్య ఇది.

ముందు ఒక చెంబుడు నీళ్ళు మీ కాళ్ళ దగ్గర ఒంపినట్టు ఊహించుకోండి, అవి ఎటు పారతాయో అదే వాలు దారి. స్కీలు రెండూ ఆ దారికి సరిగ్గా అడ్డంగా పెట్టి నిలబడండి. పై కాలు అర బూటు ముందుకి, బరువు ఎక్కువగా కింది కాలి మీద, భుజాలు కొంచెం లోయ వైపు. ఇప్పుడు పెనం మీద అట్లకాడని గుర్తు తెచ్చుకోండి. పడుకోబెడితే జారిపోతుంది, అంచు మీద నిలబెడితే గీరుకుంటూ ఆగుతుంది. స్కీ అంచు కూడా అంతే. మోకాళ్ళు కొండ వైపు నెడితే అంచు మంచులో దిగి ఆగిపోతారు. ఆ నెట్టడాన్ని వేలెడంత వదలండి, సర్‌ర్ మని పక్కకి కిందికి జారతారు. మళ్ళీ నెట్టండి, ఆగుతారు. జారు, ఆగు, జారు, ఆగు. ఆ గీరుకునే చప్పుడు వినడం నేర్చుకోండి, పొగమంచులో నాకు కళ్ళకంటే అదే పనికొచ్చింది.

పక్కకి జారాల్సింది పోయి ముందుకి సాగిపోతున్నారంటే బరువు వేళ్ళ మీద ఎక్కువైంది, వెనక్కి పోతున్నారంటే మడమల మీద ఎక్కువైంది. మోకాళ్ళు మరీ వదిలేస్తే కింది అంచు మంచులో తగులుకుని లోయ వైపు బోర్లా పడతారు. అన్నిటికన్నా కష్టం, భయంతో కొండకి ఒరిగిపోకుండా ఉండటం. గోడ పట్టుకున్నట్టు కొండ వైపు వాలామా, కింది స్కీ పట్టు తప్పి తన్నుకుపోతుంది. ధైర్యం చేసి కింది స్కీ మీదే నిలబడాలి. దారి అంచుకి చేరితే? మలుపు తిరిగే ధైర్యం లేకపోతే వెల్లకిలా పడుకుని, కాళ్ళు పైకెత్తి, రెండు స్కీలూ రెండోవైపుకి తిప్పి దించి లేవండి. చూసేవాళ్ళకి నవ్వొస్తుంది. నవ్వనివ్వండి. మధ్యలో స్కీ ఊడితే బూటు అడుగున మంచు గీరేసి, వాలుకి కింది వైపు ఉండే స్కీ ముందు తొడగాలి, తర్వాత పైది.

అలా నలభై నిమిషాలు పట్టింది నాకు. ఆగినప్పుడల్లా దారి పక్కనే ఆగాను, పైనుంచి వచ్చేవాళ్ళకి కనపడేలా. కింద ఉన్నవాళ్ళదే హక్కు, పైనుంచి వచ్చేవాళ్ళే తప్పుకోవాలి అన్నది నియమం, కానీ మలుపు చాటున, దిబ్బ కింద నిలబడితే నియమం వాళ్ళకి కనపడదు కదా. నిజంగా దెబ్బ తగిలి లేవలేకపోతే మీ పై వైపున రెండు స్కీలు ఇంటూ గుర్తులా మంచులో గుచ్చమని ఎవరినైనా అడగండి, అక్కడ ఎవరో పడి ఉన్నారని దాని అర్థం. స్కీ పెట్రోల్ (కొండ మీద దెబ్బ తగిలినవాళ్ళని ఆదుకునే గస్తీ బృందం) నంబరు మాత్రం పొద్దునే కాగితం మీద రాసుకోండి. నాది చచ్చిన ఫోన్లో ఉంది.

మావాడు ఇంకో లిఫ్టు కింద గంటన్నర నిలబడి, చివరికి పెట్రోల్ వాళ్ళ గది దగ్గర దొరికాడు. నన్ను చూడగానే "ఎక్కడ సచ్చావురా!" అని అరిచి, పక్కనే కూలబడిపోయాడు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

అప్పటికి మూడవుతోంది. నడి చలికాలంలో లిఫ్టులు తొందరగా మూసేస్తారు, అందరూ ఒకేసారి ఊళ్ళోకి దిగే దారులు రోజంతా గీసుకుపోయి గాజులా ఉంటాయి, మన తొడలు అప్పటికే అయిపోయి ఉంటాయి. దెబ్బలు ఎక్కువగా తగిలేది ఆ చివరి రౌండులోనే అని అక్కడ ఎవర్ని అడిగినా చెప్తారు. గొండోలాలో కిందికి కూడా రానిస్తారు. మావాడు "స్కీ చేసుకుంటూ దిగకపోతే ఏం బాగుంటుంది" అని గొణిగాడు. తిరుమలకి మెట్లెక్కి వెళ్ళి బస్సులో దిగితే మొక్కు చెల్లలేదని ఎవరైనా అంటారా? గొండోలా ఎక్కాం.

హోంవర్క్: ఈ వారం స్నోక్వాల్మీలో మీకు బాగా తెలిసిన గ్రీన్ దారి మీదే, పక్కకి జారడం కుడివైపు పదిసార్లు, ఎడమవైపు పదిసార్లు. ఒక వైపు కచ్చితంగా కష్టంగా ఉంటుంది, ఆ వైపు ఇంకో ఐదు. ఇంటి దగ్గర విస్లర్ మ్యాపు తెరిచి మూడు లిఫ్టులు ఎంచుకుని పైనుంచి కిందికి వేలు జరపండి, వాటిలో ఒక్కటైనా మీది కాదని తేలాలి. తేలకపోతే మళ్ళీ చూడండి, వేలు ఎక్కడో గీత దాటేసింది. 6వ పాఠంలో పిజ్జాని వదిలి రెండు స్కీలూ సమాంతరంగా పెట్టి మలుపు తిరగడం, దానికి ఈ పక్కకి జారడమే పునాది, కాబట్టి ఎగ్గొట్టొద్దు.