కాన్ఫరెన్స్‌కి పేపర్ పంపే ముందు చూసుకోవాల్సినవి

ముందు గడువు. ‘ఏఓఈ’ (ఎనీవేర్ ఆన్ ఎర్త్) అని ఉంటే, భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ తేదీ మిగిలి ఉన్నంతవరకు అని అర్థం. రాత్రి 11:59 ఏఓఈ అంటే మనకు మర్నాడు సాయంత్రం 5:29. అయినా చివరి గంట దాకా ఆగొద్దు, టెన్షన్‌లో తప్పు ఫైలు ఎక్కించేస్తాం.

డబుల్ బ్లైండ్ (రచయితలెవరో సమీక్షకులకు, సమీక్షకులెవరో రచయితలకు తెలియని పద్ధతి) అయితే మొదటి పేజీలో పేర్లు తీసేస్తే చాలదు, ఇవీ చూసుకోవాలి:
- పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో రచయిత పేరు
- గిట్‌హబ్ లింకులో యూజర్ నేమ్
- కృతజ్ఞతల్లో గ్రాంటు నంబరు
- ‘మా గత పనిలో’ అనే మాట. నా దృష్టిలో ఎక్కువగా జారిపోయేది ఇదే. మీ పాత పేపర్‌ని వేరేవాళ్లదిలా ప్రస్తావించండి.

పేజీల పరిమితి, ఫాంట్ల ఎంబెడింగ్ (ఫాంట్లు పీడీఎఫ్‌లోనే ఇమిడి ఉండటం) సరిచూడండి.

అదే పేపర్ ఇంకోచోట పరిశీలనలో ఉండకూడదు. సహరచయితలందరూ చివరి ప్రతి చదివి సరేనన్నాకే పంపండి. గడువు దాటాక కొత్త పేర్లు చేర్చనివ్వని కాన్ఫరెన్సులు చాలా ఉన్నాయి. డేటా సేకరించిన జూనియర్ పేరు మర్చిపోలేదు కదా?