బుగ్యాల్ పూలను కాపాడే పని: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎప్పుడు చేయాలి

మన ఇళ్లలో కుండీలో పెరిగి, రాత్రిపూట తెల్లగా విచ్చుకుని, తెల్లవారేసరికి వాడిపోయే పువ్వును బ్రహ్మకమలం అంటాం. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన కాక్టస్ జాతి మొక్క. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పమైన బ్రహ్మకమలం వేరు. హిమాలయాల్లో చెట్లు ఆగిపోయే ఎత్తు దాటాక, రాళ్ల సందుల్లో అది పెరుగుతుంది. కాగితంలా పలచగా ఉండే లేత పసుపుపచ్చ పొరల దొన్నెలో ఊదారంగు పూలగుత్తి దాగి ఉంటుంది. అక్కడి పర్వత పచ్చిక మైదానాలను బుగ్యాళ్లు అంటారు. వాటిలోని పూలను కాపాడాలనుకునే వారు ముందుగా మొక్కను తప్పులేకుండా గుర్తుపట్టడం నేర్చుకోవాలి. పువ్వునొక్కదాన్నే ఫొటో తీస్తే చాలదు. ఆకు అడుగుభాగం, కాడ, చుట్టూ ఉన్న నేల కూడా కనిపించాలి.

మూలికల కొట్లలో మనకు దొరికే జటామాంసి, కటుకరోహిణి, అతివస, కోష్టు కూడా హిమాలయాల మొక్కలే. ఎండిన జటామాంసిని చేతిలోకి తీసుకుని చూడండి. వేరుదుంప చుట్టూ ఎర్రటి గోధుమరంగు పీచు జడలా అల్లుకుని ఉంటుంది. పాత ఆకుల మొదళ్లే అలా పీచుగా మిగిలాయి. అంటే ఏళ్ల తరబడి పెరిగిన మొక్కను మొత్తంగా పెకలిస్తేనే ఆ ముక్క మన చేతికి వస్తుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ముప్పులో ఉన్న జీవజాతులను నమోదు చేసే ఎర్ర జాబితా ప్రకారం జటామాంసి, కోష్టు అత్యంత తీవ్రమైన ముప్పులో ఉన్నాయి. మన శేషాచలం కొండల్లో పెరిగే బెడ్డోమ్ సైకాడ్ అనే అరుదైన మొక్కతో పాటు కోష్టుకు కూడా వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించింది. కాబట్టి అటవీ శాఖ అనుమతి, సమీప గ్రామస్థుల సమ్మతి లేకుండా ఇక్కడ చెప్పిన ఏ పనినీ మొదలుపెట్టకూడదు.

అనుమతి వచ్చాక లెక్కతో ఆరంభించాలి. నాలుగు మేకులు, నాలుగు మీటర్ల తాడు ఉంటే ఒక చదరపు మీటరు గడి సిద్ధమవుతుంది. అందులో పూసిన మొక్కలను, పూయని మొక్కలను, మొలకలను విడివిడిగా లెక్కించి, ప్రతి ఏడాదీ అదే చోట, అదే వారంలో మళ్లీ లెక్కించాలి. పూలు దండిగా ఉండి మొలకలు కనిపించకపోతే, చూడటానికి ఎంత అందంగా ఉన్నా ఆ మైదానం ముసలిదైపోతోందని గ్రహించాలి. అరుదైన మొక్క ఉన్న చోటును మాత్రం సోషల్ మీడియాలో పెట్టకండి. వేర్లు తవ్వేవారు కూడా అవి చూస్తారు.

అన్నిటికంటే ఓపిక కోరేది నేలను నిలబెట్టే పని. పచ్చిక పెళ్ల ఒకచోట ఊడితే వాననీరు అక్కడ దారి చేసుకుంటుంది, ఆ దారే కొన్నేళ్లలో గండిగా మారుతుంది. ఉత్తరకాశీ జిల్లా దయారా బుగ్యాల్‌లో అటవీ శాఖ కొబ్బరిపీచు, ఎండిన పైన్ చెట్ల సూదుల్లాంటి ఆకులు, వెదురు వాడి ఇలాంటి కోతలను కట్టడి చేసింది. ఈ పద్ధతిలో పీచు చుట్టలను వాలుకు అడ్డంగా పరిచి వెదురు మేకులతో బిగించాలి. పని గండి పైభాగంలో మొదలుపెట్టి కిందికి రావాలి, ఎందుకంటే పైనుంచి వచ్చే నీటి జోరు తగ్గకపోతే కింద కట్టినది మొదటి పెద్ద వానకే కొట్టుకుపోతుంది. కొండ కింది పల్లపు ప్రాంతాల నుంచి మట్టినీ, విత్తనాలనూ తీసుకువెళ్లవద్దు. వాటితోపాటు కొత్త కలుపు కూడా పైకి చేరుతుంది. గుడారాలు వేయడం కూడా పచ్చికకు హాని చేస్తుంది కనుకనే 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్లలో రాత్రి బసను నిషేధించింది.

పశువుల మేత విషయంలో తొందరపడి తీర్పు చెప్పకూడదని నా అభిప్రాయం. 1982లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఉత్తరాఖండ్‌లోని పూలలోయలో (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) ఆ మరుసటి ఏడాది మేతను ఆపేశారు. ఆ తరువాత పాలిగోనం అనే స్థానిక మొక్కే మనిషెత్తున పెరిగి, పొట్టి పూలమొక్కలను కమ్మేయడంతో దాన్ని పీకించవలసి వస్తోంది. పీకేటప్పుడు వేరుతో సహా తీయాలి, అది విత్తనం కట్టకముందే తీయాలి. మేత సాగుతున్న చోట మందలను విత్తనాలు రాలాకే పైకి తోలేలా, ఒక్కో భాగానికి ఒక్కో ఏడాది విశ్రాంతి దక్కేలా కాపరులతో కలిసి నిర్ణయించుకోవాలి.

విత్తన సేకరణలో పదో వంతుకు మించి తీసుకోకపోవడం మంచిది. గుడ్డ సంచిలో గానీ కాగితపు సంచిలో గానీ నీడన ఆరబెట్టాలి, ప్లాస్టిక్‌లో బూజు పడుతుంది. కటుకరోహిణికి విత్తనమే అవసరం లేదు. నేలపై పాకే కాడలను ముక్కలు చేసి నాటితే వేళ్లూనుకుంటుంది. అందుకే చమోలీ జిల్లా రైతులు దాన్ని పొలాల్లో సాగు చేయగలుగుతున్నారు. మూలికలు కొనే మనం కూడా అది సాగు చేసిన సరుకా, అడవిలో తవ్వినదా అని కొట్లో అడగాలి.

పూలు కోసే తేదీని మాత్రం మనం కొత్తగా నిర్ణయించనక్కరలేదు. భాద్రపద శుద్ధ అష్టమినాడు వచ్చే నందాష్టమి వరకు బ్రహ్మకమలాన్ని తాకకూడదని ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ ప్రాంత గ్రామాల్లో పాత కట్టుబాటు ఉంది. ఊరి పెద్దలతో కూర్చుని, ఆ కట్టుబాటునే వేర్ల తవ్వకానికీ వర్తింపజేసి, విత్తనం రాలే సమయాన్ని బట్టి ఒక్కో మొక్కకు ఒక్కో తేదీ రాయించుకోండి.