ముఖం ఎర్రబడి మండుతోందా? ముందు ఆ ట్యూబు మీద పేరు చదవండి

ముఖం మీద ఎరుపు, మంట, చిన్న చిన్న పొక్కులతో మా దగ్గరకు వచ్చేవారు అప్పటికే చాలా చేసి వస్తారు. సబ్బు మార్చి ఉంటారు, మొటిమల జెల్ వాడి ఉంటారు, పచ్చళ్లు మానేసి ఉంటారు, కొందరు రక్తపరీక్షల కాగితాలు కూడా పట్టుకొస్తారు. చేయనిది ఒక్కటే. రోజూ ముఖానికి రాసుకునే క్రీమ్‌లో ఏముందో చదివి ఉండరు. రొసేషియా, అంటే ముఖం ఎర్రబడి మండే చర్మజబ్బు, అనుకుని వచ్చినవారిని చర్మవైద్యురాలిగా నేను మొదట అడిగేది దాని గురించే, చాలాసార్లు జవాబు కూడా అక్కడే దొరుకుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ ట్యూబుకే కేటాయిస్తున్నాను.

సమస్య: ముఖం మధ్యభాగం ఎర్రగా, వేడిగా ఉంటోంది

రొసేషియా అంటువ్యాధి కాదు. చర్మంలోని రక్తనాళాలు, నరాల కొసలు, రోగనిరోధక వ్యవస్థ చిన్న కారణానికే అతిగా స్పందించడం వల్ల వచ్చే దీర్ఘకాలిక జబ్బు. ఎక్కువగా 30 ఏళ్లు దాటాక మొదలవుతుంది. బుగ్గలు, ముక్కు, గడ్డం, నుదుటి మధ్యభాగంలో కనిపిస్తుంది. మొదట్లో ముఖం గుప్పున వేడెక్కి కాసేపటికి చల్లబడుతుంది. కొన్నాళ్లకు ఎరుపు నిలిచిపోతుంది, సన్నని రక్తనాళాలు గీతల్లా తేలతాయి, చీముపొక్కులు వస్తాయి. కొందరికి, ముఖ్యంగా మగవారికి, ముక్కు మీద చర్మం మందంగా పెరుగుతుంది. మొటిమలకూ దీనికీ తేడా పట్టుకోవడం కష్టం కాదు. రొసేషియాలో బ్లాక్‌హెడ్స్ ఉండవు.

చామనఛాయ, నలుపు చర్మాల మీద ఈ ఎరుపు ఎరుపుగా కనిపించదు. నల్లబడినట్టో, ముదురు ఊదా నీడ పడినట్టో ఉంటుంది. దాన్ని చూసి ఇంట్లోవాళ్లు మంగు మచ్చలని తేల్చేస్తారు. మందుల షాపులో మంగుకు క్రీమ్ అడుగుతారు, అసలు గొడవ అక్కడ మొదలవుతుంది. తేడా తెలియాలంటే పగటి వెలుతురులో పారదర్శకమైన గాజు గ్లాసును బుగ్గకు ఆనించి మెల్లగా నొక్కి చూడండి. నొక్కినచోట రంగు పాలిపోయి, తీయగానే తిరిగి వస్తే అది రక్తనాళాల వల్ల వచ్చిన రంగు. ఏమీ మారకపోతే చర్మంలోని వర్ణకం. రెండూ కలిసి ఉండేవారూ ఉన్నారు కాబట్టి ఇదే చివరి తీర్పు అనుకోవద్దు, కానీ తప్పుడు క్రీమ్ కొనకుండా ఆపడానికి ఇది చాలు. రంగు కంటే మంటను నమ్మండి. సబ్బు తగిలినా చురుక్కుమనడం, సాయంత్రానికి బుగ్గలు కాలుతున్నట్టు అనిపించడం మంగులో ఉండవు.

సమస్య: ఎండలోకి వెళ్లినా, పొయ్యి దగ్గర నిలబడినా గంటలోపే ముఖం కందిపోతోంది

కారణాలు తెలిసినవే. ఎండ, వేడి, పొగలు కక్కే టీ, మద్యం, మానసిక ఒత్తిడి, వేడినీళ్ల స్నానం. మిరపకాయలో మంట పుట్టించే పదార్థం పనిచేసేది వేడిని పసిగట్టే నరాల మీదే. కాబట్టి కారం తింటే ముఖం కందడంలో వింతేమీ లేదు. అయితే అన్నీ అందరికీ పడకుండా ఉండవు. ఒకరికి టీ పడదు, ఇంకొకరికి వంటింటి సెగ పడదు. రెండు మూడు వారాలు ఎప్పుడు కందిందో రాసుకుంటే మీ జాబితా మీకే తెలుస్తుంది. ఆ తరువాత మిగతావి మానాల్సిన పని లేదు.

ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ ప్రతి ఉదయం రాయండి. రెండు వేళ్ల పొడవునా పిండినంత కావాలి, బఠాణీ గింజంత చాలదు. జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ ఉన్నవి ఇలాంటి చర్మానికి తక్కువ మంట పెడతాయి. నురగ తక్కువగా, వాసన లేకుండా ఉండే క్లెన్సర్, సాదా మాయిశ్చరైజర్ చాలు. నలుగు పెట్టి రుద్దడం, నిమ్మరసం రాయడం, ఆవిరి పట్టడం, బ్లీచ్, ఫేషియల్, స్క్రబ్ అన్నీ ఆపేయండి. ఇంతవరకూ చాలామందికి తెలుసు.

సమస్య: ఏం చేసినా పెరుగుతోంది, ఒక్క ఆ క్రీమ్ రాస్తేనే తగ్గుతోంది

ఈ మాట వినగానే నేను కలం పక్కన పెట్టేస్తాను. ఏ క్రీమ్ వల్ల ముఖం శాంతిస్తోందో, దాదాపు ఎప్పుడూ జబ్బుకు మూలం అదే. అందులో స్టెరాయిడ్ ఉంటుంది.

‘మందులేమైనా వాడుతున్నారా?’ అని అడిగితే ‘ఏమీ లేవు డాక్టరుగారూ’ అంటారు. వాళ్లు దాచిపెట్టడం లేదు. వాళ్ల లెక్కలో మందంటే మాత్ర, సూది. అందుకే ఇప్పుడు ఆ ప్రశ్న అడగను. ‘రాత్రి పడుకునేముందు ముఖానికి ఏం రాసుకుంటారమ్మా?’ అంటాను. అప్పుడు హ్యాండ్‌బ్యాగులోంచి సగానికి చుట్టేసిన ట్యూబు బయటికి వస్తుంది. ‘ఇదా, ఇది మా తోటికోడలు చెప్పిందండి, రాస్తే ముఖం తేటగా ఉంటుంది’ అంటారు. పెళ్లికి ముందు పార్లరులో ఇచ్చారనేవారు, రెండేళ్ల కిందట డాక్టరు రెండు నెలలకు రాసిచ్చిన చీటీతోనే ఇప్పటికీ కొంటున్నవారు, షాపతనే ఇచ్చాడనేవారు అందరూ ఉంటారు.

స్టెరాయిడ్ ముఖ్యంగా మూడు దారుల్లో ముఖం మీదికి చేరుతుంది. మొదటిది మంగు కోసం వాడే మిశ్రమం. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌తో పాటు మొమెటసోన్ గానీ ఫ్లూసినోలోన్ గానీ అందులో ఉంటుంది. వైద్యుల పర్యవేక్షణలో కొన్ని వారాలు వాడాల్సినదాన్ని ఏళ్ల తరబడి ఫెయిర్‌నెస్ క్రీమ్‌లా రాస్తారు. రెండోది తామరకు అమ్మే కలగాపులగం పూతమందు. ఫంగస్ మందు, యాంటీబయాటిక్, వాటితో క్లోబెటసాల్ లేదా బీటామెథసోన్ ఒకే ట్యూబులో ఉంటాయి. తొడల మీద తామరకు తెచ్చినదాన్ని ఇంట్లో ఎవరో ముఖం మీద పొక్కుకు రాస్తారు. మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. లోపల ఏముందో రాయని చిన్న డబ్బాలో వచ్చే నైట్ క్రీమ్. మూలికలతో చేసిందని చెప్పి అమ్మినా, మూడు రోజుల్లో ముఖం తెల్లగా నిగనిగలాడితే అనుమానించి తీరాలి.

అంత త్వరగా ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఆ నిగారింపు మీద మోజు పోతుంది. స్టెరాయిడ్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది, ఎరుపును, దురదను అణచివేస్తుంది. అందుకే మొదట ముఖం తేటగా అనిపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది, అడుగున రక్తనాళాలు శాశ్వతంగా ఉబ్బుతాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, పొక్కులు వస్తాయి, ఎండ కాస్త తగిలినా కాలుతుంది. భయపడి క్రీమ్ ఆపేస్తారు. కొద్ది రోజుల్లోనే కుంచించుకున్న రక్తనాళాలన్నీ ఒక్కసారిగా తెరుచుకుని, ముఖం ఎర్రగా వాచి నిప్పు పెట్టినట్టు మండుతుంది. మళ్లీ రాస్తే గంటల్లో తగ్గుతుంది. దాంతో క్రీమే తమను కాపాడుతోందని నమ్ముతారు. వడ్డీ కట్టడానికి అదే వ్యాపారి దగ్గర మళ్లీ అప్పు చేయడం ఇది. చూడటానికి అచ్చం రొసేషియాలాగే ఉండే ఈ పరిస్థితి మన దేశంలో ఎంత ఎక్కువంటే, భారతీయ చర్మవైద్యులు దీనికి టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్ (స్టెరాయిడ్ పూతతో పాడైన ముఖం) అని ప్రత్యేకంగా పేరు పెట్టాల్సి వచ్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ ఉంటేనే అమ్మాలని నిబంధన తెచ్చింది. ఇప్పటికీ అడిగినవారికల్లా ఇచ్చే షాపులు ఉండటం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

అసలు రొసేషియా నుంచి దీన్ని వేరు చేసే ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. ఎరుపు ముఖం మధ్యలో ఆగకుండా క్రీమ్ రాసినంత మేరా, దవడ అంచు దాకా, ఒక్కోసారి మెడ మీదికి కూడా ఉంటుంది. బుగ్గల చర్మం ఉల్లిపొరలా పలచగా మెరుస్తుంది. ఆడవారిలో కొత్తగా నూగు కనిపిస్తుంది. ఇరవై ఏళ్ల అమ్మాయికో అబ్బాయికో ముఖమంతా రొసేషియా వచ్చిందంటే ట్యూబు చూడకుండా నేను నమ్మను.

ఇంట్లో చేయాల్సిన పరీక్ష ఐదు నిమిషాల పని. ముఖానికి తగిలే ప్రతి ట్యూబు, డబ్బా టేబుల్ మీద పెట్టండి. వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, హాలోబెటసాల్, మొమెటసోన్, బెక్లోమెథసోన్, ఫ్లూసినోలోన్ వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడే. నిలువుగా ఎర్రగీత ఉంటే చీటీతో అమ్మాల్సిన మందు. పదార్థాల జాబితా లేని డబ్బా ఏదైనా స్టెరాయిడ్ ఉన్నట్టే లెక్క. పేరు గుర్తుపెట్టుకుని వద్దామనుకోవద్దు, వస్తువునే తీసుకురండి. తెల్ల ట్యూబు, పచ్చ మూత అని చెబితే ఎవరికీ ఏమీ తెలియదు.

స్టెరాయిడ్ మానడమే దీనికి పరిష్కారం. ఎలా మానాలన్నది వైద్యులు తేల్చాలి. కొన్ని వారాలే వాడితే ఒక్కసారిగా ఆపేయమంటాం. బలమైనదాన్ని నెలల తరబడి వాడినవారికి కొన్నిసార్లు తక్కువ బలం ఉన్న స్టెరాయిడ్‌కు మార్చి, రోజు విడిచి రోజు రాయిస్తూ తగ్గిస్తాం. తోడుగా స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ లేదా పిమెక్రోలిమస్ పూత, పొక్కులుంటే కొన్ని వారాలు డాక్సీసైక్లిన్ మాత్రలు, చల్లని తడిగుడ్డ, సాదా మాయిశ్చరైజర్ ఇస్తాం. టాక్రోలిమస్ మొదటి రోజుల్లో కాస్త మండుతుంది. అది ముందే చెప్పకపోతే ఆ మంటకే భయపడి పాత ట్యూబు తీస్తారు.

వైద్యం తప్పేది సాధారణంగా ఇక్కడే. స్టెరాయిడ్ ఆపిన తరువాత రెండు మూడు వారాలు ముఖం ముందుకంటే ఘోరంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే వైద్యులు కొత్త మందు ఇచ్చి ఉంటారు కాబట్టి, ఆ మందు పడలేదని అనుకుని డాక్టరును మారుస్తారు. కొత్త డాక్టరుకు పాత క్రీమ్ సంగతి చెప్పరు. కథ మళ్లీ మొదటికి వస్తుంది. మంట భరించలేకపోతే ఫోన్ చేయండి, వచ్చి చూపించుకోండి, కానీ ఆ ట్యూబు మూత మాత్రం తీయొద్దు. మొదటి నెల దాటితే దారి సులువవుతుంది. పూర్తిగా కుదుటపడటానికి నెలలు పడుతుంది, ఏళ్లు వాడినవారికి ఇంకా ఎక్కువ. అంతవరకూ పెళ్లిళ్లు, ఫోటోలు ఉంటాయి. ఇంట్లోవాళ్లు ‘ముఖం ఇలా అయిందేమిటి’ అని అడగడం మానేస్తే అదే పెద్ద సాయం.

ఇంకొక మాట. ఆస్తమాకో కీళ్లవాతానికో నోటి ద్వారా స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారు ఇది చదివి వాటిని సొంతంగా ఆపకూడదు. అది ప్రాణానికే ప్రమాదం.

సమస్య: స్టెరాయిడ్ ఎప్పుడూ వాడలేదు, అయినా పొక్కులు, ఎరుపు ఉన్నాయి

అయితే ఇది అసలు రొసేషియా అయివుండవచ్చు. దీనికి మంచి మందులున్నాయి. మెట్రోనిడజోల్ 0.75 శాతం జెల్, అజెలాయిక్ ఆమ్లం 15 శాతం జెల్, ఐవర్‌మెక్టిన్ 1 శాతం క్రీమ్ వీటిలో ఒకటితో మొదలుపెడతాం. డెమోడెక్స్ అనే కంటికి కనిపించని పురుగులు పెద్దవారి చర్మరంధ్రాల్లో మామూలుగానే ఉంటాయి, రొసేషియాలో వాటి సంఖ్య పెరుగుతుంది. ఐవర్‌మెక్టిన్ వాటిని తగ్గిస్తుంది, పురుగులనగానే శుభ్రత లేదని కుమిలిపోకండి. పొక్కులు ఎక్కువగా ఉంటే తక్కువ మోతాదు డాక్సీసైక్లిన్ ఇస్తాం. గ్లాసు నిండా నీళ్లతో మింగాలి, వెంటనే పడుకోకూడదు, గర్భిణులు వాడకూడదు. మొండి కేసుల్లో ఇచ్చే ఐసోట్రెటినాయిన్ గర్భంలోని బిడ్డకు తీవ్రమైన హాని చేస్తుంది. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవారు ఆ సంగతి మొదటే చెప్పాలి.

ఏ మందైనా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు వాడకుండా పనిచేయలేదని అనకండి. తగ్గాక కూడా పూతమందు కొనసాగించాల్సి రావచ్చు. ఎరుపును గంటల్లో తగ్గించే బ్రిమోనిడిన్ జెల్ ఉంది గానీ, దాని ప్రభావం దిగాక కొందరికి ఎరుపు రెట్టింపై వస్తుంది. నేను అరుదుగానే రాస్తాను.

సమస్య: కళ్లు కూడా ఎర్రబడి ఇసుక పడినట్టున్నాయి

రొసేషియా కళ్లకూ వస్తుంది, చర్మం మీద పెద్దగా ఏమీ లేకుండానే రావచ్చు. రెప్పల అంచులు ఎర్రబడటం, మాటిమాటికి కంటికురుపులు, పొడిబారడం దాని లక్షణాలు. గోరువెచ్చని కాపడం, రెప్పల శుభ్రత చాలావరకు సాయపడతాయి. నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం ఉంటే చర్మవైద్యుల కోసం ఆగకుండా అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

అరుదైనవి

ముక్కు పక్క మడతలను వదిలేసి బుగ్గల మీద దద్దురు, దానితో కీళ్లనొప్పులు, జ్వరం, నోటిపూత ఉంటే లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడిచేసే జబ్బు) పరీక్షలు చేయిస్తాం. మడతల్లోనే పొట్టు రాలుతూ చుండ్రు కూడా ఉంటే అది సెబోరిక్ డెర్మటైటిస్. ముఖం కందడంతో పాటు విరేచనాలు, ఆయాసం ఉంటే లోపలి గ్రంథుల కణుతుల కోసం వెతకాలి, అది చాలా అరుదు. స్పర్శ తెలియని మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష తప్పనిసరి. వీటి గురించి రాత్రంతా ఫోనులో వెతుక్కోవద్దు.

సమస్య: మంట, పొక్కులు పోయాయి, ఎర్రటి గీతలు మిగిలాయి

తేలిన రక్తనాళాలు పూతమందులకు పోవు. వాటికి లేజర్ ఉంది, పనిచేస్తుంది. కానీ గోధుమరంగు చర్మంలోని వర్ణకం కూడా ఆ కాంతిని పీల్చుకుంటుంది. కాలిన మచ్చలు పడకుండా ఉండాలంటే తరంగదైర్ఘ్యం, మోతాదు సరిగ్గా ఎంచుకోవాలి. మన రంగు చర్మం మీద అనుభవం ఉన్నవారి దగ్గరే చేయించుకోండి, ముందు చెవి దగ్గర చిన్న చోట పరీక్షించి కొన్ని వారాలు చూడమని అడగండి. స్టెరాయిడ్ మానిన కొత్తలో, ముఖం ఇంకా మండుతుండగా చేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.